ముందు కుర్చీ, తర్వాతే కంప్యూటర్

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో మూడు రకాల వాళ్లున్నారు. వీల్‌చైర్ వాడేవాళ్లు, వాళ్లను కనిపెట్టుకుని ఉండేవాళ్లు, తమ ఆఫీసులో వాళ్లకు ఉద్యోగం ఇవ్వాలనుకుంటున్నవాళ్లు. నేను మాట్లాడే వరుస ఇదీ: కుర్చీ, తర్వాత చర్మం, భుజాలు, ఆపైన ఫోనూ కంప్యూటరూ, ఆఖర్న ఆఫీసు. మామూలుగా అందరూ దీన్ని తిరగేసి మొదలుపెడతారు. "మాటతో నడిచే కంప్యూటర్ ఉందటగా? కళ్లతో టైప్ చేయొచ్చటగా?" అని అడుగుతారు. ఉన్నాయి. బాగా పనిచేస్తాయి కూడా. కానీ నడుం ఒక పక్కకు వాలిపోయి, మెడ నిలుపుకోవడానికే ఓపికంతా ఖర్చవుతున్న మనిషి ముందు ఎంత మంచి పరికరం పెట్టినా గంటకల్లా అది మూలకు చేరుతుంది. "ఈ టెక్నాలజీ మనకు పనికిరాదు" అనే మాట పుడుతుంది. అక్కడ లోపం పరికరంలో ఉండదు, కూర్చున్న తీరులో ఉంటుంది. అందుకే కొలిచే టేపుతో మొదలుపెడదాం.

మనిషిని గట్టి బల్ల మీద నిటారుగా కూర్చోబెట్టాలి. పాదాలు నేలకు ఆనాలి. మెత్తటి మంచం మీద తీసిన కొలత కొలత కాదు. ముందు తుంటి వెడల్పు. రెండు పక్కలా రెండు లావుపాటి పుస్తకాలు నిలబెట్టి ఒంటికి ఆనించి, వాటి మధ్య దూరం చూడండి. సీటు వెడల్పు అంతే ఉండాలి, మహా అయితే 2, 3 సెంటీమీటర్లు ఎక్కువ. "కాస్త వదులుగా ఉంటే హాయిగా ఉంటుంది" అని పెద్దది కొంటారు, ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. వదులు సీట్లో మనిషి ఒక వైపుకు ఒరుగుతాడు, ఒక పిరుదు మీదే బరువు పడుతుంది, ఏళ్ల తరబడి అలా ఉంటే వెన్ను వంకర తిరుగుతుంది. చక్రాలు దూరమై చేతులు బయటికి చాపి తోయాల్సి వస్తుంది. దానికి తోడు తలుపుల్లోంచి కుర్చీ పట్టదు.

తర్వాత సీటు లోతు. పిరుదుల వెనక నుంచి మోకాలి వెనక వరకు కొలిచి, అందులోంచి 3 నుంచి 6 సెంటీమీటర్లు తీసేయండి. రెండు కాళ్లూ కొలవాలి. తేడా ఉంటే పొట్టి కాలి కొలతే తీసుకోవాలి. లోతు ఎక్కువైతే సీటు అంచు మోకాలి వెనక ఒరుసుకుంటుంది. అది తప్పించుకోవడానికి మనిషి ముందుకు జారి, నడుం గుండ్రంగా చేసుకుని, వెన్ను అడుగున ఉండే త్రికాస్థి మీద కూర్చుంటాడు. బెడ్‌సోర్లు, అంటే ఒత్తిడి వల్ల పడే పుండ్లు, అక్కడ మొదలవుతాయి. లోతు తక్కువైతే తొడలకు ఆధారం ఉండదు, బరువంతా పిరుదుల మీదికే వస్తుంది.

ఫుట్‌రెస్ట్ విషయం చాలామంది పట్టించుకోరు. రోజూ వేసుకునే చెప్పులు, బూట్లతోనే మడమ నుంచి మోకాలి వెనక దాకా కొలవాలి. ఫుట్‌రెస్ట్ మరీ పైకి ఉంటే మోకాళ్లు లేచి తొడలు సీటును వదిలేస్తాయి. మరీ కిందికి ఉంటే పాదాలు వేలాడి, ఒళ్లు ముందుకు లాగుతుంది. సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే కూర్చున్నాక మీ అరచేతిని మోకాలికి దగ్గరగా తొడ కింద పెట్టి చూడండి. చెయ్యి తేలిగ్గా దూరిపోయిందంటే ఫుట్‌రెస్ట్ ఎత్తుగా ఉందని, అసలు దూరకపోతే కిందికి ఉందని. ఫుట్‌రెస్ట్‌కీ నేలకీ మధ్య కనీసం 5 సెంటీమీటర్లు ఉండాలి, లేకపోతే ప్రతి గడపకీ తగులుతుంది.

బ్యాక్‌రెస్ట్ ఎత్తు మనిషిని బట్టి. నడుం నిలబడి, తన చక్రం తనే తోసుకునేవాళ్లకు భుజం వెనక ఉండే రెక్క ఎముక కింది కొన కంటే తక్కువలో ఆగాలి, అప్పుడే చేతులు వెనక్కి స్వేచ్ఛగా వెళ్తాయి. నడుం నిలవనివాళ్లకు భుజాల దాకా కావాలి, మెడ నిలవకపోతే తలకూ ఆధారం కావాలి.

ఇప్పుడు వెనక చక్రం. చేతులు వదులుగా వేలాడేస్తే వేలి కొసలు ఇరుసును తాకాలి. చెయ్యి చక్రం పైభాగాన పెడితే మోచెయ్యి 100 నుంచి 120 డిగ్రీల కోణంలో వంగాలి. ఇరుసును ముందుకు జరిపే ఏర్పాటు మీ కుర్చీలో ఉంటే తప్పకుండా వాడండి. ఇరుసు ముందుకు వచ్చేకొద్దీ ముందున్న చిన్న చక్రాల మీద బరువు తగ్గి తోయడం తేలికవుతుంది. కాకపోతే కుర్చీ వెనక్కి పడే ప్రమాదం పెరుగుతుంది. అందుకని ఒక్కసారికి ఒక్క రంధ్రమే జరపాలి. వెనక్కి పడకుండా ఆపే చిన్న చక్రాలు బిగించి ఉంచాలి. మొదటి రెండు మూడు రోజులు వెనక ఒకరు ఉండాలి. రెండు కాళ్లూ మోకాళ్ల పైదాకా తీసేసినవాళ్లకు మాత్రం ఇది తలకిందులు. ముందు వైపు కాళ్ల బరువు లేదు గనక కుర్చీ తేలిగ్గా వెనక్కి తిరగబడుతుంది. వాళ్లకు ఇరుసును వెనక్కే జరపాలి.

ఈ కొలతలన్నీ కుషన్‌ను లెక్కలోకి తీసుకుని చూడాలి. కుషన్ లేకుండా అన్నీ సరిచేసి, తర్వాత 7, 8 సెంటీమీటర్ల కుషన్ పెడితే ఇరుసు అందదు, ఆర్మ్‌రెస్ట్‌లు కిందికైపోతాయి, ఫుట్‌రెస్ట్ మళ్లీ మార్చాలి.

మడత కుర్చీ గురించి ఒక మాట. ఎక్స్ ఆకారంలో అడ్డకడ్డీలున్న ఈ మడత కుర్చీని 1930ల్లో హెర్బర్ట్ ఎవరెస్ట్, హ్యారీ జెన్నింగ్స్ అనే ఇద్దరు ఇంజనీర్లు తయారుచేశారు. వారిలో ఎవరెస్ట్ స్వయంగా వెన్ను దెబ్బతిన్న మనిషి. కారులో పెట్టుకుని వెళ్లడానికి వీలైంది గనక లక్షల మంది బతుకు మారింది. అయితే సీటు గుడ్డది. కొన్నాళ్లకు జోలెలా కుంగుతుంది, తొడలు లోపలికి ఒరుగుతాయి. కుషన్ ఎంత మంచిదైనా ఆ కుంగు మీద పెడితే అదీ కుంగుతుంది. పరిష్కారం తేలికే: సీటు కొలతకు కోసిన, అంచులు గుండ్రంగా అరగదీసిన చెక్క పలకను కుషన్ కింద పెట్టండి.

ఇక చర్మం. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టర్ వెన్నుపాము విభాగం మొదలుపెట్టేనాటికి, వెన్నుపాము తెగినవాళ్లలో ఎక్కువమంది బెడ్‌సోర్లతోనో, మూత్రం ఇన్ఫెక్షన్‌తోనో చనిపోయేవారు. ఆయన మొదట పట్టుబట్టింది రాత్రీ పగలూ రెండేసి గంటలకు రోగిని పక్కకు తిప్పడం మీద. మందు కాదు, పక్కకు తిప్పడం. ఈనాటికీ అదే మూలం. ఒత్తిడి వల్ల రక్తం అందని కండ చచ్చిపోతుంది, అది లోపల ఎముక దగ్గర మొదలై పైకి వస్తుంది. చర్మం మీద చిన్న మచ్చ కనిపించేసరికి లోపల పెద్ద గుంత ఉండొచ్చు.

కూర్చున్నప్పుడు బరువు ఎక్కువగా పడేది పిరుదుల అడుగున ఉండే రెండు ఎముకల బొడిపెల మీద. వాటి మీంచి బరువు తీయాలి, 15 నుంచి 30 నిమిషాలకోసారి. ఎలా తీయాలనేది ముఖ్యం. చేతులు ఆర్మ్‌రెస్ట్ మీద ఆనించి ఒళ్లు పైకెత్తమని ఒకప్పుడు నేర్పేవారు. నేను దాన్ని రోజువారీ పద్ధతిగా వద్దంటాను. ఒత్తిడి తీశాక కండకు ఆక్సిజన్ పూర్తిగా అందడానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. చేతుల మీద లేచి రెండు నిమిషాలు ఎవరు నిలబడగలరు? పది క్షణాల్లో దిగిపోతారు. చర్మానికి లాభం ఉండదు, భుజాలు మాత్రం అరుగుతాయి. దానికి బదులు ముందుకు వంగండి.

ముందుకు వంగేటప్పుడు కుర్చీ ముందుకు బోర్లా పడుతుందేమోనని భయం ఉంటుంది. దానికో చిన్న కిటుకు ఉంది. ముందు కుర్చీని ఓ జానెడు వెనక్కి నడపండి. అప్పుడు ముందున్న చిన్న చక్రాలు తిరిగి ముందువైపుకు వస్తాయి. కుర్చీ ఆనే చోటు ముందుకు పెరుగుతుంది. ఇప్పుడు రెండు బ్రేకులూ వేసి, ఛాతీ తొడల మీదికి వచ్చేలా వంగండి. లేదా టేబుల్ మీద మోచేతులు ఆనించి బాగా వాలండి. రెండు నిమిషాలు. ఫైలు చదువుతూనో, ఫోన్లో మాట్లాడుతూనో చేసేయొచ్చు, ఎవరికీ తెలియను కూడా తెలియదు. ముందుకు వంగలేనివాళ్లు ఒక మోచెయ్యి ఆర్మ్‌రెస్ట్ మీద ఆనించి పక్కకు ఒరగాలి, తర్వాత రెండో పక్కకు.

బ్యాటరీ కుర్చీలో సీటంతా వెనక్కి వాలే ఏర్పాటు ఉంటే 30 డిగ్రీలకు పైగా వాల్చాలి. ఏదో పదిహేను డిగ్రీలు వాల్చి విశ్రాంతిగా ఉందనుకుంటే పిరుదుల మీద ఒత్తిడి పెద్దగా తగ్గదు. వీపు విడిగా పడుకునే ఏర్పాటూ ఉంటే, ముందు సీటు వాల్చండి, తర్వాత వీపు. లేచేటప్పుడు ముందు వీపు, తర్వాత సీటు. ఈ వరుస తప్పితే ఒళ్లు జారి చర్మం ఒరుసుకుంటుంది.

కుషన్లలో తప్పు ఎక్కువగా గాలి కుషన్‌తోనే జరుగుతుంది. గట్టిగా గాలి నింపితే బాగా కాపాడుతుందని అనుకుంటారు. గట్టి కుషన్ మీద ఒళ్లు దిగదు, పైన తేలుతుంది, ఒత్తిడి ఆ రెండు బొడిపెల మీదే పడుతుంది. పరీక్ష ఇలా చేయాలి: మనిషి కుషన్ మీద ఒక నిమిషం కూర్చున్నాక, అరచెయ్యి పైకి ఉండేలా కుషన్‌కీ ఒంటికీ మధ్య పెట్టి, అన్నిటికంటే కిందికి దిగిన ఎముకను వేలితో వెతకండి. అక్కడి నుంచి కుషన్ అడుగు దాకా 1.5 నుంచి 2.5 సెంటీమీటర్లు ఉండాలి. ఎముక అడుగుకు తగులుతుంటే గాలి చాలలేదు. వేలు లోతుగా కిందికి పోతుంటే ఎక్కువైంది, కొంచెం కొంచెం వదలండి. ఇది రోజూ చూసుకోవాలి. జెల్ కుషన్‌లో జెల్ పక్కలకు పోతుంది, రోజూ చేత్తో మధ్యకు తోయాలి. ఫోమ్ నొక్కి వదిలితే వెంటనే పైకి రాకపోతే దాని పని అయిపోయినట్టే. ఉతికి ఆరేశాక కుషన్‌ను వెనకది ముందు పెట్టడం, తిరగేసి పెట్టడం ఇళ్లల్లో మామూలు. ముందు అంచుకు రంగు గుడ్డముక్క కుట్టేయండి. కుషన్ మీద తువ్వాలు, ప్లాస్టిక్ కవరు వేస్తే అది బిగుసుకుని కుషన్ గుణమంతా పోతుంది. మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి ట్యూబు మాత్రం వాడకండి, ఆ అంచు చుట్టూ రక్తాన్ని ఆపేస్తుంది.

చర్మాన్ని పొద్దున కుర్చీలో కూర్చోకముందు ఒకసారి, రాత్రి దిగాక ఒకసారి చూసుకోవాలి. పిడి ఉన్న అద్దంతో గానీ, ఫోన్‌తో ఫొటో తీసుకుని గానీ. పిరుదులు, త్రికాస్థి, తుంటి పక్కలు, మడమలు, చీలమండలు. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. నొక్కినా ఎరుపు పోకపోతే ప్రమాదం. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు కనిపించకపోవచ్చు. అక్కడ పక్కనున్న చర్మంతో పోల్చి చూడాలి: ఎక్కువ ముదురు రంగుగా ఉందా, వెచ్చగా ఉందా, గట్టిగా ఉందా, మెత్తబడిందా. మచ్చ అరగంటలో పోకపోతే మామూలయ్యే దాకా ఆ భాగం మీద కూర్చోకూడదు, కారణం వెతకాలి. అక్కడ రుద్దకూడదు, మాలిష్ చేయకూడదు. చర్మం తెగిందంటే డాక్టర్ దగ్గరికే.

భుజాల సంగతి. చక్రం తోసేవాళ్లకు భుజాలే కాళ్లు కూడా. తోసేటప్పుడు చిన్న చిన్న తోపులు ఎక్కువ వేయకుండా పొడవైన, మెత్తటి తోపులు తక్కువ వేయండి. వదిలాక చెయ్యి చక్రపు రింగు కంటే కిందికి జారి, అటునుంచి వెనక్కి రావాలి. టైర్లలో గాలి ఎంత ఉండాలో టైరు పక్కనే రాసి ఉంటుంది. గాలి తగ్గితే తోయడం బరువవుతుంది, దానికంటే పెద్ద ప్రమాదం బ్రేకు జారడం. బ్రేకు నొక్కేది టైరునే. టైరు మెత్తబడితే బ్రేకు పట్టదు, మంచం మీదికి మారేటప్పుడు కుర్చీ వెనక్కి జరిగిపోతుంది. కుర్చీ ఒక వైపుకే లాగుతుంటే ముందు రెండు టైర్ల గాలీ పోల్చి చూడండి. చిన్న చక్రాల ఇరుసుకు వెంట్రుకలు, దారాలు చుట్టుకుంటాయి, నెలకోసారి కత్తిరించి తీయాలి.

కుర్చీ నుంచి మంచానికి మారడం భుజానికి రోజులో అన్నిటికన్నా పెద్ద పని. కుర్చీని మంచానికి 20, 30 డిగ్రీల కోణంలో పెట్టండి. చిన్న చక్రాలు ముందుకు తిప్పి, బ్రేకులు వేసి, మంచం వైపు ఆర్మ్‌రెస్ట్ తీసేయండి. సీటు ముందు అంచుకు జరగండి. తలను మంచానికి అవతలి వైపుకు వంచితే తుంటి మంచం వైపుకు తేలిగ్గా లేస్తుంది. అరచెయ్యి పరిచి మణికట్టును వెనక్కి విరిచి ఆనించకండి, అంచును వేళ్లతో పట్టుకోండి. ఒంటిని ఈడ్చకండి, ఎత్తి పెట్టండి. కుర్చీ, మంచం ఎత్తులు సమానంగా ఉండాలి. కష్టమైతే జారే పలక వాడండి, బట్టల మీదే. ఉత్త చర్మం పలకకు అతుక్కుని చీరుకుపోతుంది. పలక కింద వేళ్లు పెట్టకూడదు. వీలైనంతవరకు ఒకరోజు కుడివైపు, ఒకరోజు ఎడమవైపు మారుతూ ఉండండి.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి, ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. వెన్నుపాముకు ఛాతీ భాగంలోని 6వ స్థాయి, అంటే టీ6 దగ్గర గానీ, అంతకంటే పైన గానీ దెబ్బ తగిలినవాళ్లకు అటానమిక్ డిస్‌రెఫ్లెక్సియా రావచ్చు. దెబ్బ తగిలిన చోటుకు కింద ఏదైనా బాధ కలిగితే మనిషికి తెలియదు గానీ ఒంట్లో రక్తపోటు ఒక్కసారిగా పెరిగిపోతుంది. తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, దెబ్బ తగిలిన చోటుకు పైన చెమట, కింద చల్లదనం. మనిషిని వెంటనే నిటారుగా కూర్చోబెట్టండి, పడుకోబెట్టకండి. కాళ్లు కిందికి దించండి. బెల్టు, బిగుతు బట్టలు వదులు చేయండి. ముందు మూత్రం చూడండి: గొట్టం మెలిపడిందా, సంచి నిండిందా, మూత్రాశయం ఉబ్బిందా. ఎక్కువసార్లు కారణం అదే. తర్వాత మలబద్ధకం, ఆ తర్వాత చర్మం, కాలిగోరు, బూటు. రెండు నుంచి ఐదు నిమిషాలకోసారి బీపీ చూడండి. తగ్గకపోతే ఆసుపత్రి.

ఇందులో ఒక చిక్కుంది. వీళ్లకు మామూలు బీపీ పై అంకె 90, 110 మధ్యే ఉంటుంది. దానికంటే 20 నుంచి 40 పెరిగినా ప్రమాదమే. అంటే 140 ఉన్నా, ఈ జబ్బు తెలియని చోట "ఏం లేదు, కొంచెం ఎక్కువుంది" అని పంపించేయొచ్చు. అందుకని మీ మామూలు బీపీ ఎంతో, ఈ జబ్బు పేరు ఏమిటో, ఏం చేయాలో రాసిన చీటీ పర్సులో పెట్టుకోండి. ఆఫీసులో పక్క సీటు మనిషికీ నేర్పండి.

ఇక టెక్నాలజీ. మొదటి ప్రశ్న ఏ పరికరం అని కాదు, ఏ కదలిక అని. పొద్దున పది గంటలకు ఎలా ఉందో సాయంత్రం ఐదుకూ అలాగే ఉండే కదలిక ఏది? బొటనవేలా, గడ్డమా, మోకాలా, కనురెప్పా? దాన్ని పట్టుకోవాలి. ఎక్కువ బలమున్న కదలిక కంటే నమ్మకమైన కదలిక మంచిది.

కొనేముందు మీ దగ్గర ఉన్నవే చూడండి. విండోస్‌లో షిఫ్ట్ మీటను వరసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ వస్తుంది, రెండు మీటలు కలిపి నొక్కాల్సినవి ఒకదాని తర్వాత ఒకటి నొక్కొచ్చు. వణుకు ఉన్నవాళ్లకు ఫిల్టర్ కీస్ ఉంది, పొరపాటున తగిలిన మీటను పట్టించుకోదు. దీంతో ఒక ఇబ్బంది వస్తుంది. కుడి షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లు నొక్కి పట్టినా ఇది మొదలవుతుంది. చెయ్యి ఆ మీట మీద ఆనించి కూర్చునేవాళ్లకు తెలియకుండానే ఆన్ అయిపోతుంది, టైప్ చేసినవి పడవు, కీబోర్డు పాడైందని కొత్తది కొంటారు. సెట్టింగ్స్‌లో ఆ షార్ట్‌కట్ తీసేస్తే చాలు. ఆండ్రాయిడ్‌లో వాయిస్ యాక్సెస్, స్విచ్ యాక్సెస్, ఐఫోన్‌లో వాయిస్ కంట్రోల్, స్విచ్ కంట్రోల్, అసిస్టివ్‌టచ్, ఇవన్నీ ఉచితం. యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో చూడండి, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం ప్లే స్టోర్ నుంచి దించుకోవాలి. గూగుల్ వాళ్ల కీబోర్డు జీబోర్డ్‌లో తెలుగు పెట్టుకుని మాట్లాడితే తెలుగులోనే పడుతుంది.

మాటతో పనిచేసేవాళ్లు మైకును నోటి మూలకు రెండు మూడు వేళ్ల దూరంలో పెట్టుకోండి, ఊపిరి నేరుగా తగలకూడదు. ఛాతీ కండరాలు బలహీనంగా ఉన్నవాళ్లకు సాయంత్రానికి గొంతు తగ్గుతుంది, పొద్దున గుర్తించిన మాటలు అప్పుడు గుర్తించదు. కాబట్టి గొంతు ఒక్కదాని మీదే ఆధారపడొద్దు, రెండో దారి సిద్ధంగా ఉంచుకోవాలి.

ఆ రెండో దారే స్విచ్. ఒక్క మీట. తెర మీద వెలుగు ఒక్కో అంశం మీదుగా కదులుతుంటుంది, కావాల్సిన చోటికి రాగానే నొక్కాలి. ఎక్కువ స్విచ్‌లు 3.5 మిల్లీమీటర్ల ప్లగ్‌తో వస్తాయి గనక ఒక కంపెనీది ఇంకోదానికి పనిచేస్తుంది. మనుషులు దీన్ని వదిలేసేది వెలుగు వేగం కుదరకే. దానికి లెక్క ఉంది: వెలుగు కనపడగానే నొక్కడానికి ఆ మనిషికి ఎన్ని సెకన్లు పడుతుందో పది పదిహేనుసార్లు చూసి సగటు తీయండి. దాన్ని 0.65తో భాగించండి. సగటు 0.8 సెకను అయితే వెలుగు ఒక్కోదాని మీద 1.2 సెకన్లు ఆగాలి. 1 సెకను అయితే 1.5. అంతకంటే వేగంగా పెడితే తప్పులు, నెమ్మదిగా పెడితే విసుగు. వణుకు వల్ల ఒక నొక్కు రెండుగా పడుతుంటే, వెంటనే పడిన రెండో నొక్కును వదిలేసే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. స్విచ్‌ను టేబుల్‌కు కాదు, కుర్చీకి బిగించాలి. కుర్చీ కదిలితే స్విచ్ కూడా కదలాలి. స్విచ్‌ను పట్టి ఉంచే కడ్డీ రెండు సెంటీమీటర్లు జారినా ఆ రోజంతా పని ఆగిపోతుంది. సరైన చోటు కుదరగానే కీలు దగ్గర పెయింట్ గీత పెట్టండి, రేపు ఎవరైనా అదే చోట బిగించగలరు.

కళ్లతో నడిచే పరికరానికి తెర దాదాపు 60 సెంటీమీటర్ల దూరంలో, ముఖానికి సమాంతరంగా ఉండాలి. అది ఇన్‌ఫ్రారెడ్ కాంతితో చూస్తుంది గనక కిటికీ ఎండ పడితే తడబడుతుంది. కళ్లద్దాల మెరుపూ అడ్డమే. కుర్చీ వాల్చిన ప్రతిసారీ తెర కోణం కూడా మారాలి.

బ్యాటరీ కుర్చీల్లో మామూలుగా రెండు 12 ఓల్టుల బ్యాటరీలు కలిసి 24 ఓల్టులుగా ఉంటాయి. లెడ్ యాసిడ్ రకమైతే ఎంత తిరిగినా, తిరగకపోయినా ప్రతి రాత్రీ చార్జింగ్ పెట్టి, ఛార్జర్ పూర్తయిందని చూపించే దాకా వదిలేయండి. ఖాళీగా పడి ఉంటే పలకల మీద గట్టి పొర పేరుకుని మళ్లీ నిండవు.

ఉద్యోగం ఇచ్చేవాళ్లకు. టేబుల్ కింద మోకాళ్లకు నేల నుంచి 70 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. చాలా టేబుళ్లకు కింద సొరుగు అడ్డు పడుతుంది, తీసేయండి. కుర్చీ చుట్టూ తిరగడానికి 1.5 మీటర్ల వెడల్పు చోటు, తలుపు తెరిచాక 80 సెంటీమీటర్ల దారి కావాలి. ర్యాంపు వాలు 1కి 12: మెట్టు 15 సెంటీమీటర్లు ఉంటే ర్యాంపు పొడవు 1.8 మీటర్లు. పొట్టి ర్యాంపు వేసి "ఎవరో ఒకరు తోస్తారులే" అనకండి.

ఇవన్నీ చేసి టాయిలెట్ మరిచిపోతారు. దాని ఫలితం ఆఫీసులో కాదు, కిడ్నీలో కనిపిస్తుంది. టాయిలెట్‌లోకి కుర్చీ పట్టకపోతే మనిషి పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తాడు. దాంతో ఇన్ఫెక్షన్లు, రాళ్లు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో చాలామంది రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు కాథెటర్ అనే సన్నటి గొట్టంతో మూత్రం తీసుకోవాలి, ఒక్కసారికి 500 మిల్లీలీటర్లు దాటకుండా. దీనికి ఆపరేషన్ థియేటర్ అంత శుభ్రత అక్కర్లేదని, సబ్బుతో చేతులు కడుక్కుని చేసుకుంటే చాలని 1972లో జాక్ లాపిడీస్ అనే డాక్టర్ బృందం చూపించింది. అంటే ఆఫీసులోనే చేసుకోవచ్చు. గడియ వేసుకునే తలుపు, అందేంత ఎత్తులో వాష్‌బేసిన్, వస్తువులు పెట్టుకోవడానికి అర, మూత ఉన్న చెత్తబుట్ట. ఇంతే కావాలి.

పొద్దున మలవిసర్జన, స్నానం, బట్టలు, ఇవే కొందరికి రెండు గంటలు పడతాయి. అలాంటివాళ్లకు తొమ్మిదికి బదులు పదకొండుకు రమ్మంటే పని గంటలు తగ్గవు, జరుగుతాయి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం ఇలాంటి సర్దుబాట్ల గురించే చెప్పింది. మోయలేనంత భారం కాని సర్దుబాటును నిరాకరించడం కూడా వివక్షే అని అందులో ఉంది. ఇంటర్వ్యూలో "మీకేమైంది?" అని అడగకండి. పని ఏమిటో చెప్పి, "ఇది చేయడానికి మీకేం కావాలి?" అని అడగండి. అగ్నిప్రమాదంలో లిఫ్ట్ వాడకూడదు గనక, పై అంతస్తులో పనిచేసే మనిషిని ఎవరు, ఏ మెట్ల దారిన, దేని మీద దించుతారో ముందే రాసిపెట్టి, ఒకసారి చేసి చూడండి.

చీటీలు వచ్చాయి. ఒక్కోటీ చదువుతాను.

"నాకు పోలియో. చంకకర్రలతో నడుస్తాను. ఇవన్నీ నాకు అవసరమా?" పోలియోలో స్పర్శ ఉంటుంది గనక బెడ్‌సోర్ల భయం తక్కువ. భుజాల సంగతి మాత్రం మీకూ వర్తిస్తుంది. కర్ర పైకొన చంకకు రెండు మూడు వేళ్ల కింద ఆగాలి, పిడి మణికట్టు ఎత్తులో ఉండాలి, మోచెయ్యి కొంచెం వంగాలి. బరువు చేతుల మీద వేయాలి. చంకల మీద వేలాడితే నరం నలిగి చెయ్యి పడిపోయే ప్రమాదం ఉంది. పోలియో వచ్చిన ఎన్నో ఏళ్లకు కొందరికి కొత్తగా నీరసం, నొప్పి మొదలవుతాయి. అప్పుడు పట్టుదలగా ఇంకా ఎక్కువ నడవడం సరైన మందు కాదు. దూరాలకు వీల్‌చైర్ వాడి, ఓపికను పనికి దాచుకోండి. అలా చేయడం ఓడిపోవడం కాదు.

"మా పాపకు ఎనిమిదేళ్లు. పెరుగుతుంది గనక పెద్ద కుర్చీ కొనొచ్చా?" వద్దండి. పెరిగే పిల్లకే వెన్ను వేగంగా వంగుతుంది. వెడల్పు, లోతు మార్చుకునే ఫ్రేమ్ కొనండి. ఆరు నెలలకోసారి కొలతలు మళ్లీ తీయండి.

చివరిది. "గాలి కుషన్ రాత్రికి దిగిపోతోంది, ఎక్కడ కారుతోందో తెలియడం లేదు." కవర్ తీసి, వాల్వ్ గట్టిగా మూసి, బాగా గాలి నింపి నీళ్ల తొట్టిలో ముంచండి. ఒక్కో వరుసను చేత్తో నొక్కుతూ బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడండి, వాల్వ్ మొదలు దగ్గర తప్పకుండా చూడండి. ఆ చోట పెన్నుతో గుర్తు పెట్టి, పూర్తిగా ఆరబెట్టి, కుషన్‌తో ఇచ్చిన ప్యాచ్ వేయండి. వాల్వే కారుతుంటే ప్యాచ్ పనిచేయదు, కంపెనీకి పంపాలి. ప్యాచ్ వేశాక ఒక రాత్రంతా గాలి నిలుస్తుందో లేదో చూసి, అప్పుడు మాత్రమే కూర్చోండి. ఆ రోజంతా ఉండటానికి ఇంట్లో ఒక మంచి ఫోమ్ కుషన్ ఎప్పుడూ ఉంచుకోండి. ఫోమ్ ఎత్తు వేరు గనక ఫుట్‌రెస్ట్ మార్చుకోవడం మరిచిపోకండి.